కొమ్ములు లేని దేవుడు

జపాన్ పడమటి తీరాన ఇసొనె అనే బెస్తపల్లె ఉంది. అక్కడ కొలువైన హితాయ్ సామా, అనగా నుదుటి స్వామి, ముఖం చెక్కని గుండ్రటి రాయి. గుడి గడపలోనే పూజారి ప్రతి యాత్రికుడి తల తడిమి, "కొమ్ములు లేవు, లోపలికి దయచేయండి" అంటారు. తమకు కొమ్ములు మొలిచాయనుకునే పెద్దమనుషులు కూడా ఇక్కడ బుద్ధిగా తల వంచవలసిందే.

పూర్వం ఇక్కడ తొమె అనే ఇల్లాలు సముద్రంలో మునిగి ఆల్చిప్పలు ఏరుకుని బతికేది. ఆమె భర్త మగొజిరొ పడవ గాలివానలో కొట్టుకుపోయింది. ఊరంతా ఆశ వదులుకున్నా ఆమె వదులుకోలేదు. అంతలో మంగోలుల ఓడలు దండెత్తి వచ్చి, తుఫానులో మునిగిపోయాయి. అంతవరకు పొరుగూరివాళ్లతోనే పడని ఇసొనె జనం ఆ భయంతో మనది దేవభూమి, మనమంతా ఒక్కటే అనసాగారు. సముద్రం అవతలివాళ్లకు కొమ్ములుంటాయని పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పేవారు.

ఒక ఉదయం ఆ ఓడల మనిషి ఒకడు కొనఊపిరితో ఒడ్డున పడి ఉన్నాడు. ఊరిపెద్ద ఈటె తీసుకుని పరుగున వచ్చాడు. టోపీ కింద కొమ్ములుంటాయి, దగ్గరికి పోవద్దని తొమెను వారించాడు. ఆమెకూ భయమే. అయినా టోపీ తీసి తల తడిమింది. ఇసుకా, తడిజుట్టూ తప్ప ఏమీ తగల్లేదు.

"కొమ్ముల్లేవు పెద్దయ్యా, జ్వరముంది. మా ఆయన ఏ ఒడ్డున పడ్డాడో. అక్కడ కూడా ఎవరో ఒకరు ముందు తల తడిమి చూడాలి కదా."

పెద్దయ్య తానూ తడిమి చూశాడు. సిగ్గుపడి ఈటె దించాడు.

ఆ మనిషి కొరియావాడు, తెడ్డు వేయడానికి బలవంతాన పట్టుకొచ్చినవాడు. తొమె గంజి పోసినప్పుడల్లా సముద్రం వైపు చూపిస్తూ భర్త పేరు పలికేది. ఆ ఒక్క మాట నేర్చుకుని అతడు వర్తకుల పడవలో స్వదేశం చేరాడు. రేవురేవునా ఆ పేరే అడిగాడు. మరుసటి వసంతంలో ఆ పడవలోంచే మగొజిరొ దిగాడు.

తొమె కళ్లనీళ్ల మధ్య అంతా అడిగింది. కొరియా ఒడ్డున ఒక ముసలమ్మ తనకు అన్నం పెట్టిందనీ, పెట్టేముందు తల తడిమిందనీ మగొజిరొ చెప్పాడు.

"మనకే కొమ్ములుంటాయని అక్కడ చెప్పుకుంటారట" అన్నాడు.

ఏ దేశపు ముఖమూ లేని ఈ రాయిని ఆ దంపతులే కృతజ్ఞతతో ప్రతిష్ఠించారు. తమవారు దూరదేశంలో ఉన్న యాత్రికులు నేటికీ స్వామి నుదురు నిమిరి, తిరిగి వెళ్లేముందు పక్కనున్న పరాయివారి తల కూడా ఒకసారి తడుముతారు. అలా చేసినవారి మనిషికి ఏ ఒడ్డునైనా అన్నం పెట్టే చెయ్యి దొరుకుతుందని ఇసొనె వారి నమ్మకం.