ఏ బస్సు మంచిదో చెప్పప్పా

ఓబులేశు పీహెచ్‌డీ చేయాలనుకుని మూడేళ్లయింది. చదువు మొదలు కాలేదు. ఎక్కడ చదవాలో చూసుకోవడమే ఇంకా పూర్తి కాలేదు.

టౌనులో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. అందులో కంప్యూటర్ల పని మొత్తం అతనే చూసుకునేవాడు. నలభై దాటాయి. ఎప్పటికైనా కాలేజీలో పాఠం చెప్పాలని అతని ఆశ. దానికి డాక్టరేటు కావాలి. అదీ ఉద్యోగం మానకుండా, ఆన్‌లైన్‌లో, తన జీతానికి అందే ఫీజుతో దొరకాలి. వచ్చే ఏడు కూతురు ఇంజనీరింగులో చేరితే దాచిందంతా ఆ పిల్లకే చాలదు. ఈ ఏడాది చేరకపోతే ఇక ఈ జన్మలో చేరడని అతనికీ తెలుసు, ఇంట్లోవాళ్లకీ తెలుసు.

తెలిసి ఏం లాభం? ఒకచోట ఫీజు తక్కువే గాని గుర్తింపు మీద అనుమానం. ఇంకోచోట గుర్తింపు ఉంది గాని గైడు ఫోనెత్తడు. మరోచోట అన్నీ బాగున్నాయి అనుకునేలోపు ఇంకో కొత్త యూనివర్సిటీ కనపడేది. ఇక మళ్లీ మొదటికి. గేటు మీద పేరు ముందు డాక్టర్ అని ఏ రంగులో రాయించాలో మాత్రం ఎప్పుడో తేల్చుకున్నాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని భార్య వంటింట్లోంచి అంటూనే ఉండేది.

అమావాస్య అమావాస్యకూ ఓబులేశు సిద్దప్ప తాత మఠానికి వచ్చేవాడు. ఆ వైపు గురువును తాత అనే పిలుస్తారు. వచ్చి దండం పెట్టి, ఫోను తీసి, ఆ నెల దొరికిన కొత్త యూనివర్సిటీల సంగతి మొదలుపెట్టేవాడు. తాత వినేవాడు. ఎంతటి తాతకైనా విసుగనేది ఉంటుంది కదా.

ఆ అమావాస్య నాడు ఓబులేశు సెలవు పెట్టి పొద్దున్నే వచ్చాడు.

"తాతా, చేరడానికి ఈరోజే ఆఖరు. రెండు మిగిలినాయి. ఏదో ఒకటి మీ నోటితో చెప్పండి."

అంతలో అతని ఫోను మోగింది. ఆ రెంటిలో ఒకదాని అడ్మిషన్ల అమ్మాయి. ఏ అంశం మీద పరిశోధన చేస్తారు సార్ అని అడిగినట్టుంది. "అదంతా తర్వాత చూసుకుందాం మేడం. ముందు యూనివర్సిటీ తేలనీయండి" అని ఓబులేశు పెట్టేశాడు.

తాత లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, చేతికర్ర అందుకున్నాడు.

"ఈరమ్మా, నువ్వు కూడా రా" అన్నాడు.

ఈరమ్మ మఠంలో వంట చేసే ముసలామె. షుగరుంది. పోయిన నెలే కళ్లు తిరిగి పొయ్యి పక్కన పడిపోయింది. పొయ్యిలో పడకపోవడం అదృష్టం.

ముగ్గురూ రోడ్డు మీదికొచ్చి బస్సులు ఆగే చోట నిలబడ్డారు.

"ఏ బస్సు మంచిదో చెప్పప్పా" అన్నాడు తాత.

ఓబులేశుకు హుషారొచ్చింది. అతనికి చేతనయిన పని అదొక్కటే. ఉరవకొండ వైపు నుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. "ఇది తొందరగా పోతాది తాతా, కానీ టికెట్ ఎక్కువ" అన్నాడు. అది వెళ్లిపోయింది. ఎదురు దిక్కు నుంచి పల్లెవెలుగు వచ్చింది. "ఇది చవక, కానీ చెట్టు చెట్టుకూ ఆపుతాడు. సీటు కూడా దొరకదు." అదీ వెళ్లిపోయింది. షేర్ ఆటో వస్తే అందులో నడుము విరుగుతుందన్నాడు.

"ఇంకా చూడు. చవకైందే చూడు, మంచిదే చూడు" అన్నాడు తాత.

ఎండ ఎక్కింది. ఈరమ్మ రాతి మీద కూలబడి కొంగుతో విసురుకుంటోంది. బస్సులు ఇటువి అటు, అటువి ఇటు పోతూనే ఉన్నాయి. ఒక్కోదాన్ని చూసి తాత అదే మాట. "ఇది మంచిదేనా?"

ఓబులేశుకు చిర్రెత్తింది. గురువన్న సంగతి కూడా మర్చిపోయాడు.

"యాడికి పోవల్లో మొదలు చెప్పండి తాతా! అది చెప్పకుండా ఏ బస్సు మంచిదంటే నేనేం చెప్పేది?"

తాత తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

తన మాట తనకే తగిలినట్టై ఓబులేశు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఈ గురుశిష్యుల గొడవ ఈరమ్మకు పట్టలేదు. "నన్నెందుకు పిలుచుకొచ్చినట్టు? ఈయప్ప పనిచేసే ఆసుపత్రికైతే నేను రాను సామీ" అంది.

"ఎందుకు రావు?" అన్నాడు తాత.

"పోయినప్పుడల్లా నన్ను కొత్తదాన్నే అంటారు. నీ పాత చీటీ యాడుందో కంప్యూటర్లో లేదంటారు. నాకు పడదని మాన్పించిన మొదటి మాత్రే డాక్టరమ్మ మళ్లీ రాసిస్తాది. అది మింగే కదా పొయ్యి కాడ పడింది."

తాత ఓబులేశు వైపు తిరిగాడు. "అదెందుకప్పా అట్లా?"

ఓబులేశు తల దించుకున్నాడు. ఈరమ్మ వయసు ఒక్కోసారి ఒక్కోటి చెప్పేది. ఫోను నంబరడిగితే పక్కన ఎవరుంటే వాళ్లది చెప్పించేది. ఆ ఊళ్లలో ముసలివాళ్లంతా అంతే. కౌంటరు దగ్గర క్యూ కదలడం లేదని గొడవైతే, సందేహం వస్తే 'కొత్త పేషెంటు' అని నొక్కేయమని కౌంటర్లో పనిచేసే పిల్లలకు నేర్పింది ఓబులేశే. క్యూ బాగా కదిలింది. అందుకు మెచ్చుకున్నారు కూడా.

"ఈమె పోయినసారి వచ్చిన ఈరమ్మే అని నీ మిషనుకు ఎట్లా తెలుస్తాది?"

"కౌంటర్లో చెప్పి ఈమెది నేనే సరిచేయిస్తా తాతా."

"ఈమెది సరే. రేపొచ్చే ఇంకో ముసలామెది?"

ఓబులేశు వెళ్లి ఈరమ్మ పక్కన రాతి మీద కూర్చున్నాడు.

"తెలీదు తాతా" అన్నాడు. "మా కాడ ఎవరికీ తెలీదు."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో విసుగు లేదు. మూడేళ్లలో అదే మొదటిసారి.

దూరంగా పల్లెవెలుగు కనపడింది. ఫుట్‌బోర్డు దాకా జనం. తాత కర్రతో దాన్ని చూపించాడు.

"ఇది మంచి బస్సేనా?"

ఓబులేశు లేచి, చెయ్యెత్తి ఆపి, కండక్టరును ఒక్కటే అడిగాడు.

"ఆసుపత్రి కాడ ఆపుతారా?"

"ఆపుతాం, ఎక్కు ఎక్కు."

ఈరమ్మ సణుగుతూనే ఎక్కింది. ఎవరో లేచి ఆమెకు సీటిచ్చారు. ఓబులేశుకు కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడేంత చోటు దొరికింది. వెనక్కి చూస్తే తాత అప్పటికే మఠం వైపు నడిచిపోతున్నాడు.

ఫోను మళ్లీ మోగింది. అదే అమ్మాయి. పొద్దున అడిగినదానికి జవాబు రాక ఆమెకూ విసుగొచ్చినట్టుంది.

"సార్, టాపిక్ అయినా చెప్తారా, లేదా?"

ఓబులేశు సీటులో కూర్చున్న ఈరమ్మను చూశాడు. ఆమె అప్పుడే కునుకు తీస్తోంది.

"చెప్తా మేడం" అన్నాడు. "రాసుకోండి."