నూకరాజు పన్ను నొప్పి కంప్యూటరెక్కిన వైనం

తెడ్డుపాలెంలో సింహాద్రి, గౌరీసు, పైడయ్య అని ముగ్గురన్నదమ్ములు. సాఫ్ట్‌వేర్ రాసే కొట్టు పెట్టుకున్నారు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే మకాం పెట్టిందని వాళ్ళ నమ్మకం. మిగతా జనానికి ఏమైనా మిగిలిందో లేదోనని అప్పుడప్పుడు జాలి కూడా పడేవారు పాపం.

ఒకరోజు డాక్టరు వసుంధరమ్మ వాళ్ళని ఆసుపత్రికి పిలిచింది. "రోగుల వివరాలన్నీ కంప్యూటర్లో ఉండాలి. ఎలా చేస్తారు?"

"రెండు పద్ధతులున్నాయండి," అన్నాడు పెద్దవాడు సింహాద్రి. "అన్నీ ముందే అడిగేసుకుని మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ పోవడం ఒకటి. వారం వారం కొంచెం చేసి, వాడి చూసి, దిద్దుకోవడం ఇంకోటి."

"అయితే కొంచెం కొంచెంగానే చెయ్యండి. కంప్యూటర్లో ఎక్కించాకే రోగిని లోపలికి పంపండి."

అంతే. మొదటి వారం పేరు రాసే చోటు మాత్రం చేసి, గుమ్మం దగ్గర కూర్చున్నారు.

నూకరాజు వచ్చాడు. పన్ను నొప్పి. దవడ బూరెలా పొంగింది. ఆ పన్ను పీకితే చాలు, డాక్టరమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టేలా ఉన్నాడు.

"పేరు?"

"నూకరాజు. పన్ను..."

"ఆగు బాబూ. ఈ వారం పేరు వరకే. నొప్పి పై వారం."

"పై వారం దాకా ఈ నొప్పిని నేనేం చేసుకోను?"

"దాచుకో. అప్పుడు అడుగుతాం," అన్నాడు చిన్నవాడు పైడయ్య.

నూకరాజు గోలకి డాక్టరమ్మ లోపల్నుంచే కేకేసింది. "ఇదేం చోద్యమయ్యా! ముందు అడగాల్సినవన్నీ అడిగెయ్యండి."

ఇంకేముంది, పద్ధతి మార్చేశారు. పొద్దున్న ఏం తిన్నావు, ఏ చేత్తో తిన్నావు, మీ మేనత్త పళ్ళెలా ఉండేవి, ఆవిడ నవ్వేదా. ఈ ధాటిలో నొప్పి ఏ పక్క అని అడిగితే నూకరాజు కుడి అనేశాడు. వెంటనే నాలిక్కరుచుకుని, "కాదు, ఎడమ," అన్నాడు.

"కుదరదు. ఈ పద్ధతిలో ఎక్కిన మెట్టు దిగకూడదు," అన్నాడు సింహాద్రి.

"నొప్పి ఎడమ పక్కే ఉందయ్యా."

"మాకు కుడి పక్కే కనిపిస్తోంది. కావాలంటే ఇటొచ్చి చూసుకో," అన్నాడు గౌరీసు. నొప్పికి మతి పోయిందేమో, నూకరాజు నిజంగానే అటు వెళ్ళి కూర్చుని తను ఇందాక కూర్చున్న బెంచీకేసి చూశాడు. బెంచీ ఖాళీగా ఉంది.

"చూశావా? ఇక్కణ్ణుంచి చూస్తే అసలు నొప్పే లేదు," అన్నాడు గౌరీసు.

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. బయటికొచ్చి నూకరాజు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. నోరు తెరిపించి, కళ్ళతో చూసి, పుచ్చిన పన్ను పీకేసింది. నూకరాజు దూది కరుచుకుని నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

అన్నదమ్ములు గుమ్మం దగ్గర అతనికి అడ్డం పడ్డారు.

"నొప్పి ఉందని ఎక్కించాం. పోయిందని రాసే మెట్టు ఇంకా కట్టలేదు," అన్నాడు సింహాద్రి. "అది కట్టేదాకా కూర్చుని మూలుగు బాబూ."

నూకరాజు వెనక్కి చూడకుండా ఇంటికి ఒకటే పరుగు. ఆసుపత్రి రికార్డు అబద్ధమైపోతే ఎలా? ముగ్గురూ తలలు పట్టుకుని ఆలోచించారు. తెలివికి కరువా ఆ ఇంట్లో! దవడలు పట్టుకుని వరసగా బెంచీ మీద కూర్చున్నారు.

సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చేసరికి ముగ్గురూ ఒకటే మూలుగు. ఆవిడ కంగారు పడింది. "ఏమైందయ్యా మీకు?"

"మాకేం లేదండీ," అన్నాడు సింహాద్రి, మూలుగు కాస్త ఆపి. "నూకరాజుకి పన్ను నొప్పి."