పోలేశు గట్టు

పోలేశుకి ఒకటే బెంగ. మనుషులు రావడం మానేశారు.

మూడేళ్ళ కిందట ఇలా ఉండేది కాదు. ఉప్పుటేటి పక్కన పాడుబడ్డ రొయ్యల చెరువులో మళ్ళీ మడ అడవి పెంచుదామని నూరుల్లా ఫకీరు అన్నప్పుడు, ఆదివారం వస్తే చాలు ఊరు ఊరంతా కదిలొచ్చేది. ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని మోకాలి లోతు బురదలో దిగేవారు. ఆ తీరాన కనుమరుగైపోతున్న ఉప్పుపొన్న చెట్ల కాయలు మూరెడు పొడుగున ఆకుపచ్చ కర్రల్లా ఉంటాయి. వాటిని ఎక్కడెక్కడినుంచో ఏరి తెచ్చి వరసగా గుచ్చేవారు. పులిహోర పొట్లాలు, పరాచికాలు, పాటలు. ఫకీరు శిష్యుడు కాబట్టి పోలేశు అందరికీ మంచినీళ్ళు మోసేవాడు.

బురద ఎండిపోయి, గుచ్చినవి నాలుగాకులు వేసి మాడిపోయాయి. మళ్ళీ గుచ్చారు. అవీ మాడిపోయాయి. మొదట కాలేజీ పిల్లలు మానేశారు, తర్వాత ఊరివాళ్ళు. ఎవరి బతుకులు వాళ్ళవి, ఎవర్ని ఏమనగలం?

చెరువుకి అవతల దిబ్బ మీద, గుడిసెలో ఇక మిగిలింది ఇద్దరే, గురువూ శిష్యుడూ. ఊరినుంచి ఆ దిబ్బకి దారి చెరువు గట్టు ఒక్కటే. ప్రతి పోటుకీ ఉప్పునీరు ఆ గట్టుని కొంచెం కొంచెం కొరికేది. పోలేశు రోజూ పొద్దున్నే గంప, పార పట్టుకుని వెళ్ళి కొరికినంత మేరా మట్టి వేసి తొక్కేవాడు. ఎవరైనా వస్తే కాలు జారకూడదు కదా. ఊళ్ళో దానికి ‘పోలేశు గట్టు’ అని పేరు కూడా పెట్టారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా వాడి ఛాతీ కాస్త ఉబ్బేది. పాపం, ఉబ్బడానికి వాడికి మిగిలింది అదొక్కటే.

సాయంత్రాలు గట్టు మీద కూర్చుని ఊరివైపు చూసేవాడు. కొంగ కదిలినా మనిషేమోనని లేచి నిలబడేవాడు. ఆదివారాలు మరీ కష్టంగా గడిచేవి. ఆ రోజు రెండు కడవల నీళ్ళు తెచ్చి నీడన పెట్టేవాడు. సోమవారం ఆ నీళ్ళతోనే ఫకీరు స్నానం చేసేవాడు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

“మీకు బెంగగా ఉండదాండీ బాబా? ఇద్దరవేనండి. ఇంకో మనిషి గొంతు ఇని ఎన్నాళ్ళయిందోనండి.”

“ఉంటుంది,” అన్నాడు ఫకీరు, చిరిగిన వల కుట్టుకుంటూ.

అమావాస్య పోటు వచ్చింది. మధ్యాహ్నానికి ఉప్పుటేరు గట్టు అంచుదాకా పొంగింది. నడిమధ్యన ఒకచోట పిడికిలంత బెజ్జం పడి, నీరు చెరువులోకి కారడం మొదలెట్టింది. పోలేశు గంప నిండా మట్టి ఎత్తుకుని పరిగెత్తాడు. వేసిన మట్టి వేసినట్టే కరిగిపోతోంది.

“బాబా! పార అట్టుకుని రండి బాబా! గట్టు పోతందండి!”

డెబ్భై ఏళ్ళ ముసలాయన పార భుజాన వేసుకుని నిదానంగా వచ్చాడు. లుంగీ ఎగగట్టాడు. బెజ్జం పక్కన నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పార దింపాడు. మట్టిపెళ్ళ పెకలించి నీళ్ళలోకి నెట్టాడు. మళ్ళీ దింపాడు.

బెజ్జం పెద్దదయింది.

పోలేశుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. గురువు చేతికి అడ్డుపడటం వాడి జన్మలో అదే మొదలు.

“ఏం సేత్తన్నారండీ! మూడేళ్ళనించి రోజూ మోసేనండి. ఇది కాస్తా పోతే మనకాడికి ఇంకెవరూ రారండి!”

ఫకీరు వాడి మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

“రావాలనుకున్నవాడు నీరు తీసే పాటు చూసుకుని, మోకాల్లోతు నీళ్ళలో అయినా వస్తాడు,” అన్నాడు. “మూడేళ్ళూ నేనూ ఊరివైపే చూశాను. ఈ గట్టుకి ఇవతల పోటునీళ్ళు అందక మాడిపోతున్న మొక్కల వైపు చూడలేదు. చెయ్యి వదులు పోలేశూ.”

చాలాసేపు వదల్లేదు. తర్వాత వదిలాడు.

ఇంకో పది దెబ్బలతో ముసలాయన తన వంతు ముగించాడు. మిగతాది నీరే చూసుకుంది. గట్టు రెండు బారల మేర కూలింది. ఏరు చెరువులోకి దూకింది. నెర్రెలిచ్చిన అడుగు, మాడిన పుల్లలు, అన్నీ మునిగిపోయాయి. మూడేళ్ళ తన మట్టి కళ్ళముందే ఎర్రగా కరిగిపోతుంటే పోలేశు వెక్కి వెక్కి ఏడ్చాడు. అవతల ఊరు ఎప్పుడూ లేనంత దూరంగా కనిపించింది.

కాసేపటికి ఉరవడి తగ్గింది. నీటితోపాటు ఏవేవో లోపలికి వస్తున్నాయి. నురగ, వెదురు ముక్కలు, గోరంతేసి పీతపిల్లలు. వాటి మధ్య ఒక ఆకుపచ్చ కర్ర తేలుతూ వస్తోంది. దాని వెనక ఇంకొకటి. ఉప్పుపొన్న కాయలే. ఎవరూ ఏరినవి కావు. ఏ చెట్టువో, ఎన్ని రోజులు నీళ్ళలో తిరిగాయో.

పోలేశు వాటిని చూడనైనా లేదు. మూడేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఏడుస్తూనే గంపెడు మట్టి నెత్తికెత్తుకుని గండిలోకి దిగాడు. ఛాతీలోతు నీళ్ళలో, ఎక్కడ వెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. ఒక కాయ వచ్చి వాడి రొమ్ముకి తగిలి ఆగింది. వెనకది దాన్ని ఒరుసుకుని ఆగింది.

ఫకీరు గట్టు అంచున చతికిలబడి ఆయాసపడుతున్నాడు.

“పక్కకి జరుగు నాయనా,” అన్నాడు. “వచ్చేవాళ్ళకి అడ్డంగా నుంచున్నావు.”

పోలేశు కిందికి చూశాడు. నెత్తిమీది గంప నెమ్మదిగా దించి, పక్కకి జరిగాడు.