పిడికిలి పీత పోరాట నిధి

అనగనగా ఒక అడవి. అందులో చెట్లు లేవు, పులులు లేవు. ఎందుకంటే పిల్లలూ, ఆ అడవి ఒక గాజు తొట్టెలో ఉంది.

కాకినాడలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రి. జనం కూర్చునే గదిలో, గోడ పక్కన ఆ తొట్టె ఉండేది. దాని నిండా ఉప్పునీళ్ళు. నీళ్ళలో రాళ్ళు. రాళ్ళ మీద పగడాలు. పగడం అంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేరు! కాదు. అది ప్రాణమున్న జీవి. కదలలేదు. వెలుగు తగిలితే మాత్రం పువ్వులా విచ్చుకుంటుంది.

నడిమధ్య రాతి మీద ఉండే గులాబీరంగు పగడం పేరు రేకులమ్మ. ఆ రాతి కింద కాపురముండే ఆకుపచ్చ పీత పేరు పిడికిలి. తెల్లచారల నారింజరంగు చేప పేరు సింగారం. గాజు మీద పాకే ముసలి నత్తను అందరూ మామ్మ అనేవారు.

సింగారానికి ఒక విద్య వచ్చు. ఎవరైనా మనిషి కనబడితే చాలు, గాజుకు మూతి ఆనించి, కడుపు లోపలికి పీల్చి, తోక వణికిస్తూ ఆడేవాడు. దానికి ‘ఆకలి నాటకం’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. పొద్దున్నే గది ఊడ్చే సూరమ్మ ఆ నాటకం చూసి, "అయ్యో, రాత్రంతా పస్తున్నట్టుందే!" అని ఒక చిటికెడు మేత వేసేది. మధ్యాహ్నం చీటీలు రాసే ప్రభాకరం చూసి, "పాపం, పొద్దున్నుంచీ ఎవరూ పెట్టలేదు" అని ఇంకో చిటికెడు వేసేవాడు. సాయంత్రం డాక్టరమ్మ చూసి, "మీ గోల నాకు తప్ప ఎవరికి పట్టింది!" అని మరో చిటికెడు వేసేది. ఒకరు వేసినట్టు ఇంకొకరికి తెలియదు. తిన్నంత తిని మిగతాది కిందికి జారవిడిచేవాడు సింగారం.

ఆ వేసవిలో తొట్టెలోకి జుట్టు నాచు వచ్చింది. మొదట ఒక రాతి మీద నాలుగు పచ్చటి వెంట్రుకలు. వారానికి గడ్డమంత. నెలకి జడంత. అది పాకి పాకి రేకులమ్మను మెడదాకా కప్పేసింది.

"తమ్ముడూ పిడికిలీ, వెలుగు కనబడటం లేదురా. వెలుగే నాకు అన్నం. ఇంకో నెల ఇలాగే ఉంటే తెల్లటి ఎముకలా మిగిలిపోతాను" అంది రేకులమ్మ.

పిడికిలికి ఒళ్ళు మండింది. ఆ పీతకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు కానీ, ఈసారి కారణం న్యాయమైనదే. పక్కవాడికి వెలుగు అందకుండా అడ్డంగా పెరిగేవాణ్ణి చూస్తే కోపం రావాలి పిల్లలూ. రాకపోతేనే తప్పు.

పిడికిలి రాయెక్కింది. పటకారుల్లాంటి ముందుకాళ్ళు రెండూ పైకెత్తింది.

"మిత్రులారా! నాచు నశించాలి! వెలుగు మన జన్మహక్కు! ఈదేవాడిదే నీరు!"

"మరి నేను పాకుతాను కదరా. నాకు నీళ్ళు లేవా?" అంది మామ్మ.

"పాకేవాడిదే గాజు! మామ్మా, నినాదం మధ్యలో అడ్డు రాకు!"

ముందు పీకి చూశారు. పిడికిలి కత్తిరించింది, సింగారం నోటితో పట్టి లాగాడు. నాచు ముక్కలు ముక్కలైంది. "గెలిచాం బావా!" అని సింగారం గిరగిరా తిరిగాడు. కానీ తెగిన ముక్కలు నీళ్ళలో తేలుతూ పోయి, ఎక్కడ ఆగితే అక్కడ అంటుకున్నాయి. ఒక రాతి మీద ఉన్న నాచు పది రాళ్ళ మీద మొలిచింది.

తరవాత మామ్మను మేతకు దింపారు. పాపం, ముసలిది రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా మేసింది. తల ఎత్తి వెనక్కి చూస్తే, మేసిన చోటే మళ్ళీ పచ్చగా ఉంది.

"ఒరేయ్, నేను జానెడు తింటే అది మూరెడు పెరుగుతోంది. నాకున్నది ఒకటే పొట్ట. ఇంక నావల్ల కాదు" అంది మామ్మ, త్రేన్చుతూ.

ఇక మూడోసారి పిడికిలి ఒక్కటే నాచు ముందుకు వెళ్ళి, కాళ్ళు బారజాపి నిలబడింది.

"ఓ దోపిడీదారూ! రేపు పొద్దుటికల్లా ఈ తొట్టె ఖాళీ చెయ్యి! లేదా రాజీలేని పోరాటానికి సిద్ధపడు!"

నాచు నీళ్ళలో మెల్లగా ఊగింది. దాని గొంతు నిద్రమత్తుగా, మర్యాదగా ఉంది.

"నాయకుడిగారికి దండాలు. తమరు చల్లగా ఉండాలి. తమరి ఉప్పు తిన్నవాణ్ణి, తమతో పోరాటమేమిటండీ?"

"నా ఉప్పా? నేను నీకెప్పుడు పెట్టాను?"

"అంత మాట అనకండి. నాకు కాళ్ళా చేతులా? ఎవరైనా పెడితేనే కదా తినేది! పైనుంచి రోజుకు మూడుసార్లు సింగారంగారు విదిలిస్తారు. అది ఉపాహారం. అసలు భోజనం మాత్రం తమరి రాతి కిందనుంచే వస్తోంది. అంత మెత్తగా కుళ్ళిన మేత ఇంకెక్కడా దొరకదండీ."

బారజాపిన కాళ్ళు పిడికిలి ముడుచుకుంది.

ఎందుకంటే అది నిజం. కింద పడిన మేతను పీత రోజూ ఏరి, తన రాతి కింది గోతిలో దాచేది. ఆ గోతికి ‘పోరాట నిధి’ అని పేరు. రేపు కరువొస్తే అందరికీ పంచాలని దాని ఆశ. ఆశ మంచిదే. కానీ నీళ్ళలో దాచిన మేత నాలుగు రోజులకే కుళ్ళుతుంది. ఆ కుళ్ళు నీళ్ళలో కరుగుతుంది. ఆ నీళ్ళు తాగి నాచు పెరుగుతుంది. పైన రేకులమ్మకు ఊపిరాడకపోతే, కింద తనే నాచుకు బువ్వ పెడుతోందన్నమాట!

ఇప్పుడు ఏం చెయ్యాలి? ఎవరికీ చెప్పకపోతే పరువు దక్కుతుంది. చెబితే రేకులమ్మ దక్కుతుంది.

పిడికిలి తిరిగొచ్చి రాయెక్కింది. ఈసారి కాళ్ళు పైకెత్తలేదు.

"మిత్రులారా... నాచుకు అన్నం పెడుతున్నది నేనే" అని గోతి సంగతంతా చెప్పింది.

సింగారం పకపకా నవ్వాడు.

"నశించాలి నశించాలి అని పైన అరుస్తూ, కింద అన్నదానం చేస్తున్నావా బావా!"

"నవ్వకు. రోజుకు మూడు ఆటలు ఆడి, మేత కురిపించింది నువ్వు కాదూ?"

సింగారం నవ్వు ఆగిపోయింది. "నా నాటకం జోలికి రావద్దు. ఆడకపోతే మనుషులు మనల్ని మర్చిపోతారు. ఆకలితో చస్తాం!"

అప్పుడు రేకులమ్మ నాచులోంచి నెమ్మదిగా అంది. "సింగారం, నీకు ఆకలేస్తే ఆడి చూపిస్తావు. నాకు ఆడటానికి కాళ్ళూ లేవు, తోకా లేదు."

సింగారం తల దించుకున్నాడు. "సరే అక్కా. సాయంత్రం ఆట ఒక్కటే ఆడతాను. అదీ కింద పారెయ్యకుండా తింటాను."

మర్నాడు పొద్దున సూరమ్మ చిటికెడు మేత పట్టుకుని వచ్చింది. సింగారం రాతి వెనక దాక్కున్నాడు. తోక మాత్రం అలవాటుగా వణికింది. మామ్మ దాని మీద ఎక్కి కూర్చుంది. "కడుపు నిండినట్టుంది" అనుకుని సూరమ్మ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ప్రభాకరం వస్తే సింగారం కళ్ళు గట్టిగా మూసుకున్నాననుకున్నాడు. చేపలకు రెప్పలుండవు కదా, పాపం, మేత డబ్బా కనబడుతూనే ఉంది! అయినా కదల్లేదు. సాయంత్రం డాక్టరమ్మ వేసిన చిటికెడు మాత్రం ఒక్క పలుకు కూడా కింద పడకుండా తినేశాడు.

ఆ సమయంలోనే పిడికిలి తన గోతిని తవ్వింది. నల్లగా కుళ్ళిన నిధినంతా మోసుకొచ్చి, అందరూ చూసేలా తెల్లటి ఇసుక మీద కుప్ప పోసింది. సిగ్గుతో దాని ఆకుపచ్చ డొప్ప ఇంకా పచ్చబడింది.

డాక్టరమ్మ ఆ కుప్ప చూసి మిగతా ఇద్దర్నీ పిలిచింది.

"ఇంత మేత ఎక్కడిది? నేను సాయంత్రం ఒక్కసారేగా వేస్తాను!"

"నేను పొద్దున కొంచెమే వేస్తానమ్మా" అంది సూరమ్మ.

"నేను మధ్యాహ్నం... కొంచెమే" అన్నాడు ప్రభాకరం.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆ రోజునుంచి మేత ఒక్క పూటే, ఒక్క చేత్తోనే. ప్రభాకరం పైపు పెట్టి ఆ కుళ్ళంతా లాగేశాడు. వారం వారం కొన్ని పాత నీళ్ళు తీసి, కొత్త ఉప్పునీళ్ళు పోశాడు. డాక్టరమ్మ పళ్ళు తోమే బ్రష్షుతో రాళ్ళు రుద్ది, ఊడిన నాచును ఒక్క పోగు కూడా వదలకుండా వలతో ఎత్తేసింది.

తిండి అందక నాచు పాలిపోయింది. ఇప్పుడు మామ్మ మేసిన చోట మళ్ళీ మొలవలేదు. పిడికిలికీ ఏరుకోవడానికి మేత దొరకలేదు. ఆకలేసి, మామ్మ పక్కన చేరి నాచు కొరకడం మొదలుపెట్టింది. మొదటిరోజు మొహం చిట్లించింది. పదోరోజుకి మామ్మతో పోటీ పడింది.

రెండు నెలలకి, ఒక ఉదయం తొట్టె పైన దీపం వెలగగానే, రేకులమ్మ ఒక రేకు విప్పింది. తరవాత ఇంకొకటి. తరవాత అన్నీ. గులాబీరంగు వెలుగు రాయంతా పరుచుకుంది.

సింగారం ఆనందంతో తొట్టె చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "బావా, అక్క లేచింది! గెలిచాం! రాయెక్కి ఒక నినాదం ఇవ్వు బావా!"

పిడికిలి రేకులమ్మ మొదలు దగ్గర మిగిలిన ఆఖరి పచ్చపోగును కొరుకుతోంది. తలెత్తకుండానే అంది:

"ఆగరా, నోరు ఖాళీ లేదు."

నీతి: చెడు నశించాలని ఎంత గట్టిగా అరిచినా, దానికి అన్నం పెట్టే చెయ్యి ఆగకపోతే అది పెరుగుతూనే ఉంటుంది, ఆ చెయ్యి మనదేమో ముందు చూసుకోవాలి.