బాతులకు నక్క గీసిన దారి

కొల్లేటి అంచున సార్వా వరి కోతలు అయిపోయి, కుప్పలు లేచాయి. ఖాళీ మడుల్లో రాలిన గింజలు, తడిమట్టిలో నత్తలు. బాతులు ఏడాది మొత్తంలో కడుపునిండా తినే పదిహేను రోజులు అవే. అప్పుడు తిన్న తిండే తర్వాత గుడ్డవుతుంది, పిల్లవుతుంది.

అక్కడ ఒక గుంపులో అరవై బాతులుండేవి. రోజూ గట్టుమీద వరస కట్టి ఒక మడి నుంచి ఇంకో మడికి నడిచేవి. వరసలో అందరికంటే ముందు సూరమ్మ. ఆమెది ముసలి ప్రాణం, కుంటికాలు. ఆమె వెనక పిల్లల తల్లులు, వాళ్ళ వెనక ఈకలు రాలి నీరసపడ్డవాళ్ళు, చిట్టచివర బలిసిన మగబాతులు. ముందున్న కుంటికాలి అడుగే గుంపంతటికీ అడుగు. అందువల్ల ఎవరూ వెనకబడేవాళ్ళు కాదు. సూరమ్మ అమ్మమ్మ కాలంలో ఆడబాతులన్నీ కూర్చుని ఆలోచించి పెట్టుకున్న పద్ధతి అది. ఆడవాళ్ళు పెట్టింది కాబట్టి దాన్ని ఎవరూ వ్యూహం అనలేదు. అలవాటు అన్నారు.

ఆ ఏడు గంగరాజు అనే కుర్ర మగబాతు గుంపుకి పెద్ద అయ్యాడు. తల్లిని కుక్క ఎత్తుకుపోతే, చల్లబడిపోతున్న గుడ్డును సూరమ్మ తన పొట్టకిందికి లాక్కుని పొదిగింది. ఆ గుడ్డులోంచి వచ్చినవాడే గంగరాజు. మంచివాడే. కాకపోతే పెద్దరికం కొత్త, ఆత్రం ఎక్కువ. వరసగా మూడు రోజులు వాళ్ళు మడికి చేరేసరికే కొంగలు వచ్చి నత్తలన్నీ ఏరుకుపోయాయి. తన హయాంలో గుంపు పస్తుంటే ఏం మొహం పెట్టుకుని తిరగాలని గంగరాజుకి బెంగ పట్టుకుంది.

బెంగపడే నాయకుడి వాసన సలహాలిచ్చేవాళ్ళకి ఎంత దూరాన్నించైనా తెలుస్తుంది. మర్నాడు సాయంత్రం చెరకుతోటలోంచి సింగన్న అనే నక్క వచ్చి గట్టుమీద మర్యాదగా కూర్చున్నాడు. బాతులన్నీ గట్టు పక్కనున్న కాలువలోనే ఉండి విన్నాయి. తాను మాంసం మానేశానని, ఎవరెలా పైకి రావాలో చెప్పడమే ఇప్పుడు తన పనని సింగన్న మొదలుపెట్టాడు. తడిమట్టిలో గోటితో గీతలు గీశాడు. ఒకటి కొంగల దారి, ఒకటి బాతుల దారి. ఆలస్యమంతా ముందున్న కుంటికాలి వల్లేనని తేల్చాడు. జోరుగా నడవగలిగేవాళ్ళు ముందు పోయి మడి పట్టుకోవాలి. తక్కినవాళ్ళు ఎవరి ఓపికని బట్టి వాళ్ళు, చెరకుతోట పక్కగా, తీరిగ్గా రావచ్చు. పుట్టిన దగ్గర్నించీ ఆడవాళ్ళ తోకలు చూస్తూ నడిచిన మగబాతులకి ఈ మాట తెగ నచ్చింది.

సూరమ్మ ఒక్కటే అడిగింది. "ఈ కాలువ కూడా ఆ మడికే పోతుంది కదా సింగన్నా. కాస్త చుట్టే అనుకో. నీళ్ళమీద పోతే ఏం?"

ఊగుతున్న నక్క తోక ఆగింది. "వద్దమ్మా. నీళ్ళు చలి. జలగలుంటాయి. పసివాళ్ళ గుండెలు పట్టేస్తాయి."

"ఎప్పుడూ కాలు తడపనివాడివి, నీళ్ళ సంగతి బాగానే తెలుసే నీకు," అంది ఆమె.

ఇన్నాళ్ళూ నువ్వే మోశావు, రేపట్నించి వెనకాల నెమ్మదిగా రా పెద్దమ్మా అని గంగరాజు ఆమెకి ప్రేమగానే చెప్పాడు. బరువు దించుతున్నామంటూనే ఒకరి చోటు కూడా తీసేయొచ్చని వాడికి తెలియదు. వారం క్రితమే ఏడుగురు పిల్లల్ని పొదిగి లేపిన మంగతాయారు మాత్రం మండిపడింది. పోట్లాడదామంది. మెచ్చుకోళ్ళు విన్న చెవికి ఇప్పుడేం ఎక్కదని సూరమ్మ ఆమెను ఆపింది. నక్క కన్ను బలిసినవాళ్ళ మీద లేదని, వెనక మిగిలేవాళ్ళ మీదేనని చెప్పి, పొద్దున్న ఏం చెయ్యాలో చెవిలో చెప్పింది.

పొద్దెక్కాక మగబాతులు జోరుగా కదిలాయి. చెరకు ఆకుల చాటున నక్క వాళ్ళని ఒక్కొక్కరినీ సాగనంపింది. వాళ్ళ జోలికి పోతే పొడుస్తారు, గోల చేస్తారు. వెనక వచ్చేవాళ్ళు మెత్తగా, విడివిడిగా వస్తారు. అసలు ప్రణాళిక అది.

వెనక ఎవరూ రాలేదు. సూరమ్మ వెనకవాళ్ళందరినీ కాలువలోకి దింపింది. నీళ్ళలో ఆమె కాలు కుంటిదని ఎవరూ అనలేరు. మరీ చిన్నపిల్లలు ఇద్దరు ఆమె వీపెక్కి కూర్చున్నారు.

గంగరాజు మడికి చేరేసరికి కొంగలు ఇంకా రాలేదు. మొదటి నత్తను ముక్కున పట్టుకుని, పెద్దమ్మకి చూపిద్దామని వెనక్కి తిరిగాడు. గట్టు ఖాళీగా ఉంది. గాలి లేకపోయినా ఒకచోట చెరకు ఊగుతోంది. నోట్లోని నత్త జారిపోయింది. తోటివాళ్ళు పిలుస్తున్నా వినకుండా పెద్దమ్మా, పెద్దమ్మా అని అరుస్తూ ఒక్కడే గట్టుమీద వెనక్కి పరిగెత్తాడు.

అప్పటికి విసిగిపోయి ఉన్న నక్కకి వీడే చాలనిపించింది. తోటలోంచి బయటికొచ్చి వెంటపడింది.

కాలువ మలుపులోంచి సూరమ్మ ఇద్దరినీ చూసింది. "గంగరాజూ, గట్టుమీద పరుగెందుకురా. నువ్వు బాతువి. నీళ్ళలోకి రా."

వాడు దూకాడు. వాడి వెనకే ఎగిరిన నక్క నోటికి రెండు ఈకలు, ఒంటికి గుండెలదాకా బురద దక్కాయి. వణుకుతూ ఒడ్డుకి పాకుతుంటే, నీళ్ళు చలిగానే ఉన్నాయా సింగన్నా అని మంగతాయారు చాలా మర్యాదగా అడిగింది.

గంగరాజు పిల్లల్ని ఒక్కొక్కరినీ ముక్కుతో తాకి చూసుకున్నాడు. సూరమ్మ తిట్టలేదు. నక్క పీకిన చోట చెదిరిన వాడి ఈకలు సర్దింది. వాడు, పాత వరసలోనే నడుద్దాం గానీ కొంగల కంటే ముందు చేరేదెలా అని అడిగాడు.

"కొంగలు మంచు ఆరి రెక్కలు పొడిబడేదాకా చెట్టు దిగవు. మనకి తడితో ఇబ్బందేముంది? తెల్లవారుతూనే కదిలితే నా కుంటికాలితోనే ముందు చేరతాం."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"నువ్వడిగింది నక్కని కదా నాయనా."

గుంపును నడిపేవాళ్ళు దారి గీసే ముందు, ఆ దారిలో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళని అడగాలి.