చిలక్కొయ్య

ఆ కొండమీది ఊళ్ళో బండి కొన్నవాళ్ళకు బండితోపాటు ఒక మాట కూడా ఇచ్చేవారు.

ఆ మాట కంటికి కనిపించేది. అది కొయ్యతో చేసిన పచ్చ చిలక. బండి ముందు భాగాన, తోలేవాడి మోకాలి పక్కన కూర్చునేది. చక్రం నుంచి ఒక తీగ వచ్చి దాని మెడకు తగిలేది. శాలవాళ్ళు లెక్కగట్టినన్నిసార్లు చక్రం తిరిగాక చిలక తల వంచి ముక్కుతో రాగిరేకును కొట్టేది. టక, టక, టక. పిల్లలు ఆ చప్పుడుకు అర్థం కట్టారు: శాలకు పద, శాలకు పద.

శాల అంటే కోట గుమ్మం పక్కనున్న బండ్ల శాల. బండ్లు చేసి అమ్మేది వాళ్ళే. అమ్మిన బండ్లను బాగుచేసేదీ వాళ్ళే. ఇరుసు చివర కప్పుతూ చక్రానికి ఇత్తడి మూత బిగించి, మూత మీద ఎర్ర లక్కతో ముద్ర వేసేదీ వాళ్ళే. మూత మీద పరాయి చెయ్యి పడితే మాట పోతుంది. చిలక పిలిచినప్పుడు శాలకు వెళ్ళకపోయినా మాట పోతుంది. ఈ రెండూ జరగకుండా కాచుకున్నవాడి బండి విరిగితే శాలదే బాధ్యత. గుమ్మం మీద పెద్ద అక్షరాలతో చెక్కి ఉంది: నమ్మినవాడికి నష్టం లేదు.

ఒకసారి ఎవరిదో కాడి పగిలింది. శాలవాళ్ళు డప్పులు కొట్టి, ఊరేగించి మరీ కొత్త కాడి ఇచ్చారు. ఆ ఊరేగింపు ఊళ్ళో అందరికీ గుర్తుంది. తరవాత ఇంకొకడి ఇరుసు కనుమ దారిలో విరిగి, బండి లోయ అంచున వేలాడింది. శాలాధికారి వచ్చి, విరిగిన ముక్కను వేలితో తడిమి, "ఇది విరగడం కాదు, అరగడం. అరుగుదలకు మాట లేదు" అన్నాడు. దానికి డప్పులు మోగలేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

నడిచే బండి అరగక ఏం చేస్తుందని ఒక్కరూ అడగలేదు. ఊరేగింపు చూసిన కళ్ళకు ప్రశ్న కనపడదు.

ఆ ఊళ్ళో ఒకామె బండి తోలేది. భర్త పోయాక ఆ బండే ఇంటికి పెద్దదిక్కు. కొండమీది జనాన్ని పొద్దున కింది సంతకు దింపి, సాయంత్రం ఎక్కించుకొచ్చేది. కనుమ దారి నిటారుగా ఉంటుంది. మలుపు మలుపుకూ లోయ నోరు తెరుచుకుని ఉంటుంది. అందుకని జనం బండెక్కే ముందు రెండే చూసేవారు: చిలక ఉందా, ముద్ర ఉందా. రెండూ ఉన్నాయి కాబట్టి ఆమె ఎడ్లకు గడ్డి ఉంది, ఆమె పొయ్యిలో నిప్పు ఉంది.

ఒకనాడు దిగుడు మలుపులో ఎడమ చక్రం కిర్రుమంది.

ఆమె చెవి రిక్కించింది. చిలక వైపు చూసింది. చిలక తిన్నగా ముందుకే చూస్తోంది, పచ్చగా, నిశ్చింతగా.

"ఏమిటే కోడలా ఆ ఏడుపు?" అంది వెనక కూర్చున్న పసుపమ్మే ముసలమ్మ.

"ఇరుసులో కందెన ఎండినట్టుంది అత్తా."

"చిలక పలకలేదు కదా! చిలకకు తెలియని రోగం చక్రానికెక్కడిది? తోలు తోలు."

ఆ సాయంత్రం బండ్ల అడ్డాలో తోటి బండివాణ్ణి అడిగింది. "నీకెప్పుడైనా మూత తీసి చూడాలనిపించిందా?"

"అమ్మో! నా పెళ్ళానికి ఇచ్చిన మాట ఎన్నిసార్లు తప్పానో నాకే తెలీదు వదినా. చిలక మాట మాత్రం తప్పను" అన్నాడు వాడు.

"నీ చక్రం కిర్రుమనదా?"

"అంటుంది. అన్నప్పుడు నేను పాటెత్తుకుంటా."

అందరూ నవ్వారు. కల్లు దిగేకొద్దీ నవ్వు కోపంగా మారింది. మన బండికి మనం కందెన పెట్టుకోకూడదా అని ఒకడన్నాడు. తోటి బండివాడు నొగల మీదికెక్కి పిడికిలి బిగించి, "నడిపేవాడిదే బండి!" అని అరిచాడు. అడ్డా అంతా అదే అరిచింది. కొండ కూడా తిరిగి అరిచింది.

తెల్లారేసరికి చిలకలు పలికిన బండ్లన్నీ శాల ముందు వరసగా నిలబడ్డాయి. మొదటి బండి వాడిదే. ఆ ఊళ్ళో నినాదం సాయంత్రానిది, వరస పొద్దుటిది.

కొన్నాళ్ళకు ఆమె చిలకా పలికింది. ఆమె శాలకు వెళ్ళింది.

శాలలో వచ్చినవాళ్ళకు చాప వేస్తారు. చల్లటి మజ్జిగ ఇస్తారు. విసరడానికి మనిషి ఉంటాడు. బండిని మాత్రం తెర వెనక్కి తోలుకుపోతారు. ఆమె లేచి తెర దగ్గరికి వెళ్ళబోయింది.

"అటు వద్దమ్మా, కళ్ళలో దుమ్ము పడుతుంది" అన్నాడు శాలాధికారి. మెత్తటి గొంతు, జరీ అంచు తెల్లటి ఉత్తరీయం.

మధ్యాహ్నానికి బండి బయటికొచ్చింది. కడిగారు. కాడికి పసుపు రాశారు. ఎడ్ల కొమ్ములకు నూనె పూశారు. బండిలో సాంబ్రాణి వాసన. ముద్ర మీద కొత్త లక్క ఎర్రగా మెరుస్తోంది. ఆ రోజు సంపాదన శాలలో పెట్టి ఆమె బయల్దేరింది. మొదటి మలుపులో చక్రం కిర్రుమంది.

వెనక్కి తిప్పింది.

"కొత్త కందెన కదమ్మా, సర్దుకునేదాకా పాడుతుంది" అన్నాడు శాలాధికారి.

అది సర్దుకోలేదు. పాడుతూనే ఉంది. దిగేటప్పుడల్లా ఆమె వెనక కూర్చున్నవాళ్ళ వైపు చూసేది. చంటిపిల్లలు, గంపలు, వేరుశనగలు ఒలుచుకుంటున్న చేతులు. వాళ్ళంతా ఒక కొయ్య చిలకను నమ్ముకుని కూర్చున్నారు. ఆ చిలకకు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో తెలుసు. ఎట్లా తిరుగుతోందో తెలియదు.

మళ్ళీ చిలక పలికినప్పుడు, శాలకు వెళ్ళబోయే ముందు, ఆమె తన చీర కొంగు నుంచి ఒక నూలుపోగు తీసింది. మూతకూ చక్రానికీ కలిపి, మూత అంచు చాటున, ఎవరి కంటికీ ఆనని చోట తుమ్మబంకతో అంటించింది. మూత తీస్తే పోగు తెగాలి.

శాలలో చాప మీద కూర్చుంది. మజ్జిగ తాగలేదు.

బండి వచ్చింది. సాంబ్రాణి వాసన వచ్చింది. ఆమె చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తడిమి చూసింది.

పోగు తెగలేదు.

"అయ్యా, ఇట్లా రండి" అని పిలిచింది. వరసలో ఉన్నవాళ్ళంతా మూగారు. "మూత తియ్యకుండా లోపల కందెన ఎట్లా పెట్టారు?"

శాలాధికారి వంగి పోగును చూశాడు. లేచి చిరునవ్వు నవ్వాడు. "పోగు కూడా తెగకుండా పని చేశామంటే, మా పనితనం ఎట్లాంటిదో చూడండి!"

జనం ఆహా అన్నారు. ఆమె నోరు తెరిచేలోగా ఆయన గొంతు మారింది.

"ఇంతకీ ఈ పోగు అంటించింది ఎవరు?"

"నేనే."

"అంటే మూత మీద పరాయి చెయ్యి పడింది."

"నా బండికి నా చెయ్యి పరాయిదా?"

"బండి నీదేనమ్మా" అన్నాడాయన, ఎంతో ఓపికగా. "మాట మాది. నమ్మినవాడికి నష్టం లేదన్నాం. పరీక్షించినవాడి సంగతి మేమెక్కడా అనలేదు."

చిన్న కత్తితో ముద్ర గీకేశాడు. చిలక మెడ తీగ కోసేశాడు. చిలక ముక్కు రాగిరేకుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

ఆమె అక్కడే, అందరి ముందూ మూత తీసింది. లోపల కందెన లేదు. నల్లటి పొడి ఉంది. ఇరుసు మీద గాడి పడి ఉంది.

"చూడండి! కళ్ళున్నాయి కదా, చూడండి!"

చూశారు. తోటి బండివాడు గొంతు తగ్గించి, "ముద్ర పోయింది కదా వదినా, అందుకే ఎండిపోయిందేమో" అన్నాడు. తలలన్నీ ఊగాయి. బండి తోలేవాళ్ళే ఆ మాటన్నారు. మూత తీసి పట్టుమని పది నిమిషాలు కాలేదు.

ఇంటికెళ్ళి ఆమె గాడి పడిన ఇరుసు తీయించి కొత్తది వేయించుకుంది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేసింది. వెదురు గొట్టంలో నింపింది. గొట్టం ఎక్కడ తగిలించాలా అని చూస్తే చిలక కనిపించింది. దాని మెడకే వేలాడదీసింది. మాట పోయిన చిలక చిలక్కొయ్య అయింది.

చక్రం ఇప్పుడు నిండా కందెన తాగి తిరిగేది. ఆమె మరీ ఎక్కువ పెట్టేది కాదు. కొంచెం కిర్రు మిగలనిచ్చేది. చక్రం నోరు పూర్తిగా మూసేస్తే దాని మనసులో మాట తెలియదని ఆమె భయం.

జనం మాత్రం ఎక్కలేదు. చిలక మెడలో గొట్టం చూసి పక్క బండెక్కారు. పసుపు ముసలమ్మ కూడా గంప దించుకుంది. "నీ మీద కోపం కాదే కోడలా. మాట లేదు కదా, భయం" అంది. ఆమె మనుషులను మానేసి రాళ్ళు తోలడం మొదలుపెట్టింది. మాట అడగని సరుకు అదొక్కటే. రాళ్ళు తోలితే ఎడ్లకు సగం కడుపు నిండేది. ఒక ఎద్దును అమ్మేయాల్సి వస్తుందేమోనని ఆమె ఎండు గడ్డిని రోజూ మరికాస్త పలచగా పరిచేది.

ఒక మధ్యాహ్నం శాలాధికారికి కింది నుంచి కబురొచ్చింది. లోయ ఊళ్ళో ఆయన కూతురికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందట.

ఆయన అడ్డాకు పరుగెత్తుకొచ్చాడు. ఆ కబురు అప్పటికే అక్కడికి చేరింది. బండ్లన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి బండికీ పచ్చ చిలక, ప్రతి మూతకూ ఎర్రముద్ర. ఆ పొద్దునే వాటిలో సగానికి ఆయన చేతులతోనే ముద్ర వేశాడు.

"అయ్యగారూ, ఇటు రండి!" తోటి బండివాడు తువ్వాలుతో మెత్త దులిపాడు. "మీరు చూసిన బండే. పువ్వులా దింపుతా."

శాలాధికారి ఆ బండి చక్రం వైపు చూశాడు. పక్క బండి చక్రం వైపు చూశాడు. అట్లా చూస్తూ వరస చివరిదాకా నడిచి, అక్కడ విడిగా ఆగి ఉన్న ఆమె రాళ్ళ బండెక్కి రాళ్ళ మీద కూర్చున్నాడు.

"అయ్యగారూ! దానికి మాట లేదు!" అని వెనక నుంచి అరుపు.

ఆమె పగ్గాలు పట్టుకుని కదలకుండా ఉంది. "విన్నారుగా. మాట లేని బండి."

"పోనీవమ్మా."

"అన్ని బండ్లుండగా దీన్నెందుకెక్కారు? అదొక్కటి చెప్పండి, పోనిస్తా."

ఆయన లోయ వైపు చూశాడు. "పొద్దు వాలుతోంది" అన్నాడు. గొంతులో మెత్తదనం లేదు. తండ్రి గొంతు అది.

ఆమె ఇంకా అడిగేది. కింద నొప్పులు పడుతున్నది శాల కాదు, ఒక ఆడపిల్ల. ఎడ్లను అదిలించింది.

దిగుడులో చక్రం సన్నగా కిర్రుమంటోంది. కిర్రు వినిపించినంతసేపూ ఆయన చేతులు వదులుగా ఉన్నాయి. కిర్రు ఆగినప్పుడల్లా బండి అంచును పట్టుకునేవాడు. చక్రం మాట ఆయనకూ వచ్చు. ఎప్పటినుంచో వచ్చు.

గతుకులో చిలక్కొయ్యకు వేలాడుతున్న గొట్టం ఊగి, కందెన చుక్క ఆయన ఉత్తరీయం మీద పడింది. తుడుచుకోలేదు.

ఎదురుగా సంత నుంచి ఒక బండి ఎక్కి వస్తోంది. దాని చిలక ముక్కుతో కొడుతోంది. టక, టక, టక. ఆ బండిలోంచి పసుపు ముసలమ్మ తొంగిచూసింది. "అయ్యో, ఎవరో జరీ అంచు మహరాజు! మాటలేని బండెక్కాడు పాపం!"

ఆయన ఉత్తరీయం తల మీదికి లాక్కున్నాడు. నల్లటి చుక్క నుదుటి మీదికొచ్చింది.

మరునాడు పొద్దున శాల ముందు ఎప్పటిలాగే వరస ఉంది. మనవరాలు పుట్టిన సంతోషంలో శాలాధికారి తనే స్వయంగా మజ్జిగతోపాటు బెల్లంముక్కలు పంచుతున్నాడు. నిన్న అయ్యగారు కంగారులో చూసుకోకుండా రాళ్ళ బండెక్కేశారని వరసలో అప్పటికే ఒకరికొకరు చెప్పుకున్నారు. తనెక్కిన బండి చిలక పలికి శాలకు రాక తప్పలేదు కాబట్టి సంతకు పోయే పసుపు ముసలమ్మ కూడా గంపతో చాప మీద కూర్చుని ఉంది.

"అయ్యగారూ, ఉత్తరీయం మీద ఆ మరకేమిటి?" అన్నాడు తోటి బండివాడు.

ఉతికినా పోలేదది.

"లక్క" అన్నాడు శాలాధికారి.

మరక నల్లగా ఉంది. లక్క ఎర్రగా ఉంటుందని వరసలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. బెల్లం కొరుక్కుని మజ్జిగ తాగారు.

పసుపు ముసలమ్మ మాత్రం ముంత కింద పెట్టి, దారిమీద కిర్రుమంటూ పోతున్న రాళ్ళ బండి చప్పుడు వైపు తల తిప్పింది.