చుక్క లేని రాజవాక్యం

ఒకానొక సంస్థానం. పేరు కలువకొండ. ఇంగ్లీషు దొరల పెత్తనం సాగుతున్న రోజుల్లో తూర్పు కనుమల కింద ఉండేది. దాన్ని ఏలిన నీలాద్రిరాజుగారు మంచివారే. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవారు, పొగిడినవాడికి శాలువా కప్పేవారు. అయితే ఆయనకు ఇంగ్లీషు వచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది.

చెన్నపట్నంలో కొన్నాళ్ళు ఉండి నేర్చుకున్న ఇంగ్లీషు అది. మాటలు బాగానే పట్టుబడ్డాయి. వాక్యం ఎక్కడ ఆపాలన్నది మాత్రం పట్టుబడలేదు. పైగా ఆపకపోవడమే గొప్ప అని ఆయన నమ్మకం. వాక్యం చివర పెట్టే చుక్క, అదే ఫుల్‌స్టాప్, ఆయనకు గిట్టదు. మామూలు జనానికి ఊపిరి చాలదు గనక చుక్కలు పెట్టుకుంటారట, రాజుకేం ఖర్మ అట. కామా అంటే మాత్రం ముచ్చట. దానికి తోక ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. అందుకని ఒక సంగతి అయిపోగానే ఒక కామా చల్లి, ఇంకో సంగతి ఎత్తుకునేవారు. ఒక్కోసారి ఆ కామా కూడా ఉండేది కాదు.

ఆ ఏడు ఆయన ఒక పులిని వేటాడారు. ఆ వేట కథను ఇంగ్లీషులో రాశారు. చెన్నపట్నంలో అచ్చు వేయించబోయే ముందు, పొగడ్త కోసమే అనుకోండి, సంస్థానం బడిలో ఇంగ్లీషు చెప్పే ఏసుపాదం మాస్టారికి పంపారు. మాస్టారు లౌక్యం తెలియని మనిషి. చూడమన్నారు గనక నిజంగానే చూశారు. ఎర్రసిరా తీసుకుని, ఒక సంగతి ముగిసిన చోటల్లా చుక్క పెట్టారు. కొన్నిచోట్ల 'అండ్' అనీ 'సో' అనీ కలిపే మాటలు చేర్చారు. అంతా శ్రద్ధగా దిద్ది, మర్యాదగా తిప్పి పంపారు.

రాజుగారు ఆ కాగితాలు చూసి మండిపడ్డారు. మేము ఆగని చోట మమ్మల్ని ఆపడానికి ఈయనెవరు అన్నారు. దసరా వెళ్ళగానే మాస్టారు కుటుంబంతో సహా సంస్థానం విడిచిపోవాలని ఆజ్ఞ అయింది.

మాస్టారి ఇంట్లో మంచాన పడ్డ తల్లి ఉంది. ఆవిడను బండిలో ఎక్కించి కొండల మీది ఘాటు దారిన తీసుకుపోతే ప్రాణం నిలవదని వైద్యుడు చెప్పాడు. క్షమాపణ చెప్పుకుంటే రాజుగారు కరిగేవారే. కానీ ఏసుపాదం మాస్టారు, కావాలంటే ఆయన కాళ్ళు పట్టుకుంటాను గానీ తప్పును ఒప్పు అని ఎలా అంటాను, రేపు పిల్లలకేం చెప్పను అని కూర్చున్నారు. మంచివాళ్ళతో వచ్చే ఇబ్బంది ఇదే, అవసరానికి కూడా అబద్ధం ఆడరు.

సంగతి వరహాలప్ప చెవిన పడింది. వరహాలప్ప ఆస్థాన వాచకుడు. రాజుగారి మాటను సభలో చదివి వినిపించడం అతని కొలువు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కోట గోడలు దాటుతుంది. ఆ సాయంత్రమే మాస్టారి ఇంటికి వెళ్ళి, "అమ్మగారి మంచం కదపకండి మాస్టారూ, నేనున్నాను," అన్నాడు. ఏం చేస్తాడో చెప్పలేదు.

కలువకొండలో రాజుగారి తాతల నాటి ఆచారం ఒకటి ఉంది. రాజవాక్యం చదువుతున్నప్పుడు సభంతా లేచి నిలబడాలి, రాజుతో సహా. వాక్యం పూర్తి కాగానే వాచకుడు చెయ్యి ఎత్తుతాడు, గంట మోగుతుంది, అందరూ చిత్తం అంటారు. ఆ తరవాతే కూర్చోవడమైనా, తినడమైనా. తాతగారి వాక్యాలు "చెరువు తవ్వండి", "దొంగను వదలకండి" లాంటివి గనక ఎవరి కాళ్ళూ నొప్పి పుట్టలేదు. ఈ ఆచారం విషయంలో నీలాద్రిరాజుగారు మహా పట్టుదల మనిషి. నిరుడు వాక్యం మధ్యలో అప్పడం విరిచిన సొంత బావమరిదిని ఏడాదిపాటు విందుకు రానివ్వలేదు. ఆయన ఇంగ్లీషు రాతను సభలో చదివించే సందర్భం మాత్రం ఇంతవరకూ రాలేదు.

వరహాలప్ప ఆ సందర్భం తెచ్చాడు. దసరా విందులో పులి వేట కథను ఇంగ్లీషులోనే చదువుతానని, అక్షరం మార్చకుండా, చుక్క కలపకుండా, ఏలినవారు రాసింది రాసినట్టే వినిపిస్తానని మనవి చేసుకున్నాడు. రాజుగారు పొంగిపోయారు. మాస్టారిని కూడా పిలిపించండి, విని బుద్ధి తెచ్చుకుంటాడు అన్నారు.

విందు రోజు వచ్చింది. ఆకుల్లో పులిహోర, పనసపొట్టు కూర, అప్పుడే నేతిలోంచి తీసిన గారెలు వడ్డించారు. గారెలంటే రాజుగారికి ప్రాణం, అవీ వేడిగా ఉంటేనే. వరహాలప్ప, ఎర్రసిరా దిద్దుబాట్లు లేకుండా ఎత్తి రాసిన కాగితాలు విప్పాడు. అందరూ లేచారు. రాజుగారు కత్తి పిడి మీద చెయ్యి వేసి, మీసం సర్దుకుని నిలబడ్డారు.

చదవడం మొదలైంది. రాజుగారు అడవికి బయలుదేరారు, కామా, ఏనుగు మొరాయించింది, కామా, వాన వచ్చింది, కామా, మంచె ఎక్కారు. సభలో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళంతా గంటకేసి చూస్తున్నారు. గంట కొట్టే నౌకరు, సింహాలు అనేవాడు, వరహాలప్ప చేతికేసి చూస్తున్నాడు. ఆ చెయ్యి లేవలేదు.

మంచె మీద రాజుగారికి తుమ్ము వచ్చింది, మేక అరిచింది, వాన వెలిసింది, దోమలు కుట్టాయి. దివానుగారు స్తంభానికి చేరబడ్డారు. ఏడాది శిక్ష తీరి వచ్చిన బావమరిది ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారాడు. ఆకుల్లో నెయ్యి పేరుకుంటోంది. రాజుగారి చెయ్యి కత్తి పిడిని వదిలేసింది. గారెల మీద ఆవిరి పలచబడుతుంటే ఆయన దిగులుగా చూస్తున్నారు.

చివరికి పులి పడింది. సభ ఊపిరి పీల్చుకుంది. వరహాలప్ప కామా దగ్గర గుటక వేసి, పులి తోక పొడవు గురించి ఎత్తుకున్నాడు.

"ఇక చాలు, ఆపవోయ్," అన్నారు రాజుగారు.

వరహాలప్ప ఆపాడు, చెయ్యి మాత్రం ఎత్తలేదు. "ఆపాను మహాప్రభూ. కానీ వాక్యం ఇంకా అవలేదు. ఎవరూ కూర్చోవడానికి వీల్లేదు."

రాజుగారికి ఒళ్ళు మండింది. అయితే ఆ ఆచారాన్నే ఈ క్షణం నుంచి రద్దు చేస్తున్నాం అన్నారు.

వరహాలప్ప నడుం దాకా వంగాడు. "రద్దు అన్నదీ రాజవాక్యమే గదా మహాప్రభూ. మొదటిది ముగియకుండా రెండోది ఎలా మొదలుపెడతారు? ముందు దీన్ని ముగించండి."

తన వాక్యంలో తానే ఇరుక్కున్నానని రాజుగారికి తెలిసిపోయింది. సరే, నువ్వే ఎక్కడో ఒకచోట ముగించు అని గొణిగారు.

"అంత ధైర్యం నాకు లేదు. ఎక్కడ ఆపినా ఏలినవారి మాటను నరికినవాణ్ణవుతాను. దానికి శిక్ష ఊరు విడిచిపోవడమని ఈమధ్యనే తెలిసింది. ఆ చోటేదో తమరే సెలవివ్వాలి."

రాజుగారు ఒక్క క్షణం మాస్టారికేసి చూశారు. తరవాత గారెలకేసి చూశారు. కాగితాలు లాక్కుని, పూజ పళ్ళెంలోని తడి కుంకుమలో వేలు ముంచారు.

"అడవికి బయలుదేరాం. అక్కడికి ఆ సంగతి అయిపోయింది. ఇక్కడ ఆపు," అని చుక్క పెట్టారు.

చెయ్యి లేచింది. గంట మోగింది. సభంతా చిత్తం అని, దబ్బున కూర్చుంది. రాజుగారు ఒక గారె నోట్లో వేసుకున్నారు. ఆయన ముఖం పులిని కొట్టిన రోజు కూడా అంత వెలిగి ఉండదు. మళ్ళీ లేచారు. ఏనుగు మొరాయించింది, అది వేరే సంగతి, ఇక్కడా ఆపు అన్నారు. ఇంకో చుక్క, ఇంకో గారె. వాన రావడానికీ మంచె ఎక్కడానికీ సంబంధం ఉంది గనక అక్కడ చుక్క వద్దు, 'సో' అని కలుపు అన్నారు. ఇలా చుక్కకో గారె చొప్పున సాగేసరికి ఆయనకు ఉత్సాహం ఎక్కువైంది. 'వెన్ ది టైగర్ కేమ్' దగ్గర కూడా వేలు కుంకుమలోకి వెళ్ళింది.

"అక్కడ వద్దు మహాప్రభూ," అన్నారు ఏసుపాదం మాస్టారు.

సభంతా ఆయనకేసి తిరిగింది. మాస్టారికి మాత్రం ఊరు విడిచిపోవాలన్న సంగతే గుర్తున్నట్టు లేదు. "పులి వచ్చినప్పుడు, అన్నారు. వచ్చినప్పుడు ఏమైందో ఇంకా చెప్పలేదు. సంగతి సగంలోనే ఉంది."

రాజుగారి వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆయన కోప్పడలేదు, చాలాకాలంగా మనసులో ఉన్న మాట అడిగారు. "మన తెలుగులో ఎంత పొడుగు చెప్పినా ఎవరూ తప్పనరు. ఇంగ్లీషులో ఎందుకు తప్పయింది మాస్టారూ?"

"మనం 'వెళ్ళి, ఎక్కి, చూసి' అంటాం. ముడి ఆ మాటల్లోనే ఉంది, వినేవాడు తరవాతి మాట కోసం ఆగుతాడు. తమరు ఇంగ్లీషులో రాసింది 'వెళ్ళాం, ఎక్కాం, చూశాం' అని. దేనికది పూర్తయిపోయింది. పూర్తయిన రెండు సంగతుల్ని కామా ఒక్కటే పట్టి ఉంచలేదు. చుక్కన్నా పెట్టాలి, కలిపే మాటన్నా వెయ్యాలి. పొడుగు తప్పు కాదు మహాప్రభూ, ముడి లేకపోవడం తప్పు."

వరహాలప్ప, ఇదే అదను అనుకుని, మాస్టారు ఎర్రసిరాతో దిద్దిన ప్రతిని రాజుగారి ముందు పెట్టాడు. కుంకుమ చుక్కలు, సిరా చుక్కలు ఒక్క చోటే ఉన్నాయి. రాజుగారు రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయనకు సిగ్గేసింది. ఆకలేస్తే గాని తనకు కనబడనిది ఈయన ముందే చెప్పినందుకు వెళ్ళగొట్టబోయానే అనుకున్నారు.

"మాస్టారూ, మీరు ఎక్కడికీ వెళ్ళొద్దు. అమ్మగారిని చూడ్డానికి మా కోట వైద్యుణ్ణి పంపుతాం," అన్నారు.

మాస్టారు చేతులు జోడించారు. కళ్ళు తుడుచుకోవడానికి కండువా కోసం వెతుక్కున్నారు.

రాజుగారు వరహాలప్ప వైపు తిరిగారు. మమ్మల్ని అందరి ముందూ అంతసేపు నిలబెట్టావు, అయినా మేలే చేశావు, ఏం కావాలో కోరుకో, కానీ ఒక్క వాక్యంలోనే కోరుకోవాలి అన్నారు. ఇప్పుడు వాడే తప్పులో దొరుకుతాడని ఆయన ఆశ.

వరహాలప్ప గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటి కప్పు కారుతోంది గనక దాన్ని నేయించి, నేయించిన కప్పు కింద పడుకోవడానికి ఒక పట్టెమంచం ఇప్పించి, మంచం మీద కప్పుకోవడానికి ఒక కాశ్మీరు శాలువా దయచేసి, అది చూసి మా ఆవిడ అలక్కుండా ఆవిడకో పట్టుచీర పంపించి, ఇవన్నీ ఇంటికి చేర్చడానికి ఒక బండినీ, బండిని లాగడానికి ఎద్దుల్నీ, మళ్ళీ వెనక్కి అడక్కుండా ఇప్పించవలసిందిగా మనవి."

రాజుగారు ఆత్రంగా మాస్టారికేసి చూశారు. "ఎక్కడో ఒకచోట తెగి ఉండాలే?"

ఏసుపాదం మాస్టారు కళ్ళు మూసుకుని వాక్యమంతా మనసులో ఒకసారి తిప్పుకున్నారు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదని సభకంతా తెలుసు. "లేదు మహాప్రభూ. అన్నీ ముడిపడే ఉన్నాయి. ఎద్దుల దాకా ఎక్కడా తెగదు."

రాజుగారు పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, దివానుగారి వైపు తిరిగి, "ఇచ్చెయ్యండి," అన్నారు. ఆయన నోటి నుంచి అంత పొట్టి వాక్యం రావడం అదే మొదలు.